గుట్టెక్కిన బొటనవేలు

నల్లమలలో పుట్టినవాళ్లు మనుషులో కాదో తేలాలంటే ముందు గుట్ట ఎక్కాలి. పట్నంలో ఉండేవాళ్లకు ఈ శాస్త్రం తెలియదు కాబట్టి వివరిస్తాను.

రేషన్ బియ్యం కావాలంటే ఈపాస్ మిషన్ మీద వేలు పెట్టాలి. మిషన్‌కు సిగ్నల్ కావాలి. సిగ్నల్‌కు టవర్, టవర్‌కు అటవీ అనుమతి, అనుమతికి ఫైలు కదలడం. ఏడు చేపల కథలో చివరికి చీమైనా నిజం చెప్పింది. ఇక్కడ ఫైలుకు కాళ్లు లేవు, అవ్వకు ఉన్నాయి. కాబట్టి అవ్వే నడుస్తుంది.

మన్ననూరు దాటాక లోపల ఓ చెంచు పెంటలో, అంటే అడవిలోని చెంచుల గూడెంలో, ఈ వైభవం కళ్లారా చూశాను. డీలర్ మిషన్‌ను బోనంలా నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. వెనక సంచులు పట్టుకుని పెంటంతా. గుట్ట మీద బండ దగ్గర ఒక్క గీత సిగ్నల్ వస్తుంది, అదీ బుద్ధి పుడితే. పక్కనే ఇప్పచెట్టు కొమ్మ మీద ఓ కుర్రాడు హాట్‌స్పాట్ పెట్టి ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. గాలికి కొమ్మ ఊగినప్పుడల్లా మనకు ప్రభుత్వంతో సంబంధం తెగిపోతోంది.

"అవ్వా, వేలు గట్టిగ నొక్కు."

"నొక్కిన గద బిడ్డా."

"జర నూనె రాసి పెట్టు."

"నూనె గూడ నువ్వే ఇయ్యాలె."

పది వేళ్లూ అయ్యాయి. సరిపోలలేదు. కన్ను పెట్టమన్నారు, కంట్లో పొర. శ్రీశైలం మల్లన్న చెంచుల అల్లుడని ఇక్కడి నమ్మకం. ఆయనైనా ఈ పరీక్ష గట్టెక్కుతాడన్న ఆశ నాకు లేదు, అత్తగారింటి కార్డులో పేరెక్కించారో లేదో.

ఆ వేళ్ల మీద గీతలు ఎందుకు మిగులుతాయి? గడ్డలు తవ్వి, జిగురు గీకి, కట్టెలు కొట్టి అరిగిపోయాయి. ఆ చేతులు తెచ్చిన తేనెను బేరమాడి కొన్నవాడు ఏనాడూ వేలిముద్ర అడగలేదు.

2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పథకం మొదలుపెట్టారు, తలకు 6 కిలోలు. బియ్యం సన్నబడింది. అవ్వ అంతకన్నా సన్నబడింది. బస్తా గుట్ట కింద ఉంది, మనిషి కళ్ల ముందుంది, ఈమె ఫలానా అని పెంటంతా మొత్తుకుంటోంది. అయినా ఆమె ఆమె కాదట! ఏం దోచుకుపోయిందని ఈ తనిఖీ? ఇదే అమ్రాబాద్ అడవిలో యురేనియం వెతుకుతామని 83 చదరపు కిలోమీటర్లు గీత గీసినప్పుడు ఢిల్లీకి సిగ్నల్ బాగానే అందిందే! బండ కింద ఏముందో కనబడింది గానీ, బండ మీద కూర్చున్న ముసలమ్మ కనబడదా? సిగ్గుండాలి.

వేలిముద్ర పడలేదని బియ్యం ఆపొద్దని కేంద్రం 2017లోనే చెప్పిందని డీలర్‌కు గుర్తుచేశాను. పాపం మంచివాడే, ఆ బస్తాకు లెక్క చెప్పాల్సింది తనే.

"ఆ రూల్ నాకు తెలుసు సారూ, మిషన్‌కు తెల్వది" అన్నాడు.

అవ్వను రేపు రమ్మన్నారు. అంతలో చెట్టు మీద కుర్రాడికి గుర్తొచ్చింది, రేపు అచ్చంపేటలో వాడికి పరీక్ష. కొమ్మెక్కేవాడు లేడు కాబట్టి ఎల్లుండికి మార్చారు.