క్రియాటినిన్ బాగుందని లూపస్ మందులు ఆపమంటున్న ఆ మెసేజ్ గురించి

మళ్లీ వచ్చింది. "లూపస్ ఉన్నవాళ్లు కిడ్నీలు కాపాడుకోవాలంటే" అని మొదలయ్యే ఆ ఫార్వర్డ్‌ని ఈసారి పంపినవాళ్లు కింద "చాలా ఉపయోగకరం" అని కూడా రాశారు. లూపస్ (ఇమ్యూనిటీ సొంత ఒంటి మీదే పడే జబ్బు) గురించిన ఆ ఫార్వర్డ్ చూడనివాళ్ల కోసం అందులో ఏముందో చెబుతాను. రోజుకు ఐదు లీటర్ల నీళ్లు తాగితే కిడ్నీలు శుభ్రమవుతాయట. ఆల్ఫాల్ఫా అనే పశుగ్రాసపు మొక్క పొడి ఇమ్యూనిటీని పెంచి లూపస్‌ను తగ్గిస్తుందట. లూపస్‌కి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందు కళ్లు పోగొడుతుందట. బయాప్సీ చేయిస్తే కిడ్నీ పాడవుతుందట. స్టెరాయిడ్లు విషమట. అన్నిటికంటే ముఖ్యంగా, నొప్పులు తగ్గి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్త పరీక్ష) నార్మల్‌కి వస్తే మందులు ఆపేయొచ్చట. పంపేవాళ్లు మన మంచి కోరే పంపుతారు, నిజమే. కానీ ఇది నమ్మి ఎవరైనా మందులు ఆపేస్తే పోయేది పంపినవాళ్ల కిడ్నీ కాదు.

నీళ్లు: లూపస్‌లో కిడ్నీని దెబ్బతీసేది మన ఒంట్లో తయారైన యాంటీబాడీలే. అవి నీళ్లతో కొట్టుకుపోవు. కాళ్లు వాచి, మూత్రం తగ్గిన మనిషి చేత ఐదు లీటర్లు తాగిస్తే వాపు ఇంకా పెరుగుతుంది, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరే ప్రమాదం కూడా ఉంది.

ఆల్ఫాల్ఫా: ఇమ్యూనిటీ దారి తప్పి సొంత ఒంటి మీద పడడమే ఈ జబ్బైతే, దాన్ని ఇంకా రెచ్చగొట్టమంటారా? లూపస్ ఉన్నవాళ్లు తినకూడదని డాక్టర్లు పేరు పెట్టి చెప్పే వాటిలో ఆల్ఫాల్ఫా ఒకటి. అందులోని కానావనైన్ అనే పదార్థం కోతుల్లో లూపస్ లాంటి జబ్బు తెచ్చిందని 1980లలోనే బయటపడింది. ఇక దీని గురించి మాట్లాడను.

అసలు విషం ఆ క్రియాటినిన్ మాటలో ఉంది. ఒక రిపోర్టు ఇలా ఉంటుంది: మొదటి పేజీలో క్రియాటినిన్ 0.8, పక్కన ఏ గుర్తూ ఉండదు. రెండో పేజీ అడుగున, యూరిన్ ప్రొటీన్ క్రియాటినిన్ రేషియో (మూత్రంలో ప్రొటీన్ ఎంత పోతోందో చెప్పే లెక్క) 1.9. మొదటి పేజీ చూసి హమ్మయ్య అనుకుని కాగితం మడిచేస్తారు. జబ్బు కనపడేది రెండో పేజీలో! కిడ్నీలో రక్తాన్ని వడపోసే గుత్తులు కొన్ని దెబ్బతింటే మిగిలినవి వాటి పని కూడా లాక్కొస్తాయి, అందుకే దాదాపు సగం పనితనం పోయేదాకా క్రియాటినిన్ పెద్దగా కదలకపోవచ్చు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. మహా అయితే మూత్రంలో ఎంతసేపటికీ విరగని నురగ కనిపిస్తుంది, చాలామందికి అదీ ఉండదు. ఆ రేషియో 0.5 దాటితే చాలు, డాక్టర్లు బయాప్సీ గురించి ఆలోచిస్తారు. వైద్యం మొదలయ్యాక మూడు నెలలకు ప్రొటీన్ పావు వంతైనా తగ్గాలి, ఆరు నెలలకు సగం, ఏడాదికల్లా 0.5–0.7 కిందికి రావాలని చూస్తారు. అలా తగ్గినా సరే, మొత్తం వైద్యం కనీసం మూడేళ్లు సాగుతుంది. ఎందుకంటే యూరిన్ బాగున్నవాళ్లకు మళ్లీ బయాప్సీ చేసినప్పుడు కొందరిలో లోపల వాపు ఇంకా కనిపించింది. జబ్బు తిరగబెట్టిన ప్రతిసారీ కొంత మచ్చ మిగులుతుంది, మచ్చ పడ్డ భాగం తిరిగి రాదు. లూపస్ కిడ్నీకి పాకినవాళ్లలో నూటికి పది మందికి పైనే పదేళ్లలో కిడ్నీ పూర్తిగా పోయే స్థితికి వెళుతున్నారు. ఇంత జరుగుతుంటే "బాగానే ఉన్నావుగా, ఆపేయ్" అని సలహా! ఆ మెసేజ్ రాసిన మహానుభావుడు రేపు డయాలసిస్ మెషీన్ పక్కన వచ్చి కూర్చుంటాడా?

బయాప్సీ: మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, స్కాన్‌లో చూస్తూ సూదితో రెండు మూడు సన్నని పోగులు తీస్తారు. రక్తస్రావం రిస్క్ ఉంది, అందుకే తర్వాత కొన్ని గంటలు కదలనివ్వరు. కానీ కిడ్నీ పాడవడం మాత్రం అరుదు. కిడ్నీలో లూపస్‌ను క్లాసులుగా విడదీస్తారు, మీది మూడో క్లాసా, నాలుగా, ఐదా, లేక అంతా పాత మచ్చలేనా అన్నది బయాప్సీ లేకుండా తేలదు, మందు దాన్ని బట్టే మారుతుంది.

హైడ్రాక్సీక్లోరోక్విన్: బరువులో కిలోకి 5 మిల్లీగ్రాములు దాటకుండా వాడితే, మొదటి పదేళ్లలో రెటీనా దెబ్బతినేది నూటికి ఇద్దరికంటే తక్కువ. ఆ తర్వాత రిస్క్ పెరుగుతుంది, కిడ్నీ బలహీనంగా ఉంటే ఇంకా పెరుగుతుంది, అందుకే కంటి స్కాన్‌లు. ఆపేస్తే ఏమవుతుందో కూడా చెప్పాలిగా. 1991లో వచ్చిన కెనడా అధ్యయనంలో, ఆపినవాళ్లకు జబ్బు తిరగబెట్టే అవకాశం రెండున్నర రెట్లు ఎక్కువగా తేలింది.

స్టెరాయిడ్ల దగ్గర మాత్రం ఆ మెసేజ్‌లో సగం నిజం ఉంది. ఏళ్ల తరబడి ఎక్కువ డోసులు ఇచ్చి ఎముకలు, కళ్లు, షుగర్ పాడుచేసిన మాట వాస్తవం. ఇప్పుడు డాక్టర్లే తొందరగా తగ్గించి, రోజుకు 5 మిల్లీగ్రాములు లేదా అంతకంటే కిందికి తేవాలని చూస్తున్నారు, మైకోఫినోలేట్, బెలిముమాబ్, వోక్లోస్పోరిన్ లాంటి వేరే మందులు ఉన్నాయి కాబట్టి అది కుదురుతోంది కూడా. "నా డోసు ఎప్పుడు తగ్గిస్తారు?" అని డాక్టర్‌ని గట్టిగా అడగండి, అడిగే హక్కు మీకుంది. అంతేగానీ సొంతంగా ఒక్కసారిగా ఆపొద్దు, ఒంట్లో సహజ స్టెరాయిడ్ తయారుచేసే ఎడ్రినల్ గ్రంథి తేరుకోక బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

ఈ మెసేజ్ చదివి ఇప్పటికే మందులు మానేసినవాళ్లు ఉంటే, సిగ్గుపడి దాచకండి. డాక్టర్‌కి ఏ మందు ఏ రోజు నుంచి ఆపారో చెప్పండి, యూరిన్ ప్రొటీన్ రేషియో, బీపీ, లూపస్ ఎంత చురుగ్గా ఉందో చెప్పే సీ3, సీ4, డీఎస్ డీఎన్ఏ రక్త పరీక్షలు ఈ వారమే చూపించుకోండి. ఈలోపు కీళ్ల నొప్పులు మొదలైతే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా వేసుకోవద్దు.