చదవడానికి వీలైతే అది శుభలేఖ ఎలా అవుతుంది?

మొన్న మా ఇంటికి ఒక శుభలేఖ వచ్చింది. మెరూన్ అట్ట మీద బంగారు లతలు, లతల్లో బంగారు అక్షరాలు. ఏది వత్తో, ఏది ఆకో తేల్చడానికి ఇంటిల్లిపాదీ కిటికీ దగ్గర గుమిగూడాం. వధువు తాతగారి పేరు అనుకుని భక్తిగా చదివింది నెమలి తోక అని తేలింది.

దీన్ని లోపమనేవారున్నారు. నేను ఒప్పుకోను. అక్షరం కనబడి తీరాలన్న ఛాందసం సీసపు అక్షరాల నాటిది. రాజమండ్రిలో ట్రెడిల్ అచ్చుయంత్రం మీద శుభలేఖలు వేసిన ఒక పెద్దాయన నాకు తెలుసు, కంపోజిటరు. ఆయన చేసిన నేరాలు అన్నీ ఇన్నీ కావు. అద్దంలో బొమ్మలా తిరగబడి ఉండే అక్షరాలను కేసులోంచి, అంటే గళ్ల పెట్టెలోంచి, ఒక్కొక్కటే ఏరి స్టిక్కు అనే చేతిపట్టు పళ్లెంలో పేర్చేవారు. మన వత్తు కిందికి దిగుతుంది కదా, అది వెళ్లి కింది వరుసలోని గుడి నెత్తిన కూర్చోకుండా మధ్యలో సన్నటి సీసపు బద్దలు దూర్చేవారు. ఎంత చోటు వృథా! పైగా సీసం సాగదు, వంగదు, దానికి నీడ పడదు. రెండో రంగు కావాలంటే కాగితాన్ని మళ్లీ మిషను ఎక్కించాలి. ఆ ఖర్చుకు జడిసి జనం ఒక్క రంగు సిరాతో, నాలుగు మూలలా పసుపుతో సరిపెట్టుకునేవారు. పాపం, అందరూ చదివేసేవారు.

చదివితే ఏమవుతుందో గోదావరి గట్టుకు తెలియదా? 1874లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టి లంచగొండుల గుట్టు విప్పారు. లంచగొండులకు కూడా చదువు వచ్చు కాబట్టి శత్రువులు పెరిగారు. అవే మాటలు ఎరుపు మీద నారింజ రంగులో, మెరుపులు అద్ది వేయించి ఉంటే ఆయనకు కంటి నిండా నిద్ర పట్టేది. మా కూడలిలోని ఫ్లెక్సీలకు ఈ రహస్యం తెలుసు. ముఖం గుమ్మడికాయంత, హామీ నువ్వుగింజంత.

ఇంతకీ పెళ్లి. తేదీ 3 అని చదివి అంబాజీపేట వెళ్లాను. కల్యాణమండపం ముందు బోర్డు మీద పేర్లు కూడా అవే లతల్లో చిక్కుకుని ఉన్నాయి కనుక అనుమానం రాలేదు. అక్షింతలు వేశాను. "మీరేమీ తినడం లేదండీ" అంటూ పనసపొట్టు కూర రెండోసారి, బూరెలు మూడోసారి వడ్డించారు. మీరెవరని ఒక్కరూ అడగలేదు. ఇంటికొచ్చేసరికి మావాళ్ల ఫోను: "8వ తేదీ, తప్పకుండా రావాలి."

అంత మర్యాద చేసినవారెవరో తెలుసుకుందామని తాంబూలం సంచి తిప్పి చూశాను. పేర్లు ఉన్నాయి. భూతద్దం కోసం వెతుకుతున్నాం.