ఫొటోకి అడ్డమొచ్చిన మెషిన్లు

ఈరోజు మావాడి స్కూల్లో గ్రూప్ ఫొటో. ఫొటోలో బాగుండవని వాళ్ల మిస్సు వాడి రెండు చెవుల వినికిడి మెషిన్లూ తీసి పెన్సిల్ బాక్సులో పెట్టిందట. ఫొటో పదింటికల్లా అయిపోయింది. మెషిన్లు మాత్రం సాయంత్రం నేను బ్యాగు విప్పేదాకా ఆ బాక్సులోనే, పెన్సిల్ పొట్టులో, ఆఫ్ కూడా చెయ్యకుండా కుయ్యో అంటూ ఉన్నాయి. పైగా డైరీలో ఎర్ర ఇంకుతో 'క్లాసులో శ్రద్ధ పెట్టడం లేదు' అని రాసింది!

ఎలా పెడతాడు తల్లీ?

పక్కనే సోడాబుడ్డి కళ్లద్దాల పిల్ల కూర్చుంది, ఆ అద్దాలు ఎవరూ తీయించలేదు. అద్దాలుంటే చదువుకునే పిల్ల, చెవికి మెషిన్ ఉంటే అయ్యో పాపం. మిస్సుకి ఫోన్ చేస్తే 'బ్యాటరీ మిగులుతుంది కదా మేడం' అంది. ఆ చిన్న బ్యాటరీ మీద నారింజ స్టిక్కర్ పీకి గాలి తగిలిందంటే, వాడినా వాడకపోయినా అది అరిగిపోతూనే ఉంటుంది, కాబట్టి మిగిలింది ఏమీ లేదు, నా బీపీ తప్ప. పోయిన నెల మెషిన్ కూత పెడుతోందని కంప్లైంటు. పిల్లాడి చెవి పెరుగుతుంది, మోల్డ్, అంటే చెవి కొలతకి చేసి లోపల పెట్టే అచ్చు, పెరగదు, వదులైతే కూత పెడుతుంది, మళ్లీ కొలతిచ్చి కొత్తది చేయించాలి, అన్నీ చెప్పాను. విన్నట్టే తలూపింది. అసలు మెషిన్ ఎవరికి కావాలో!

ఇంకో బ్యాచ్ ఉంది, 'ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ చేయించెయ్యొచ్చుగా' అనేవాళ్లు. అది చెవి లోపల పరికరం అమర్చే ఆపరేషన్, మెషిన్ పెట్టినా లాభం లేని పిల్లలకండీ, మావాడికి మెషిన్ చాలు. చెవిలో ఉంచితే.

ఇంట్లో చెబితే మా అత్తయ్యగారు 'ఒక్కపూటకి ఏమైందమ్మా' అన్నారు. ఈవిడ పూటల లెక్క నాకు తెలీదా? ఏడాది పిల్లాడు పిలిస్తే తిరగట్లేదు, టెస్టు చేయిద్దామంటే 'మగపిల్లలకి మాటలు ఆలస్యం, వాళ్ల నాన్నకీ అంతే' అన్నారు. వసకొమ్ము అరగదీసి నాకించారు. వెనకనించి పళ్లెం మీద గరిటెతో ఠంగుమని కొట్టి, వాడు ఉలిక్కిపడితే 'చూశావా, వినపడుతోంది' అన్నారు. ఆ మోతకి వీధి చివర కుక్క కూడా ఉలిక్కిపడింది. చివరికి బెరా టెస్టు, అదే వినికిడి ఎంతుందో కొలిచేది, చేయించేసరికి వాడికి రెండున్నరేళ్లు. రెండు చెవుల్లోనూ 65 డెసిబుల్స్ లోపం. అంటే పళ్లెం మోత వినపడుతుంది, నేను మామూలుగా మాట్లాడే మాట వినపడదు. మాటలు నేర్చే వయసంతా వసకొమ్ముకి అప్పజెప్పాం. మా ఆయన అప్పుడు పేపర్లో తల దూర్చారు, ఇప్పుడు ఫోన్లో.

ఇందాకే ఫొటో స్కూల్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందరూ కెమెరా వైపు చూస్తున్నారు, మావాడొక్కడే పక్కకి చూస్తున్నాడు. ఫొటో తీసేవాడు 'ఇటు చూడండి' అన్నది వాడికెలా తెలుస్తుంది? కాపీకి 150 రూపాయలు పంపాలట.

పంపను.