గీత గీసినంత మాత్రాన పిట్ట బతకదు

ప్రపంచ భూభాగంలో మన దేశం వాటా రెండున్నర శాతం లోపే. జనాభాలో మాత్రం ఆరో వంతు కంటే ఎక్కువే ఉన్నాం. అందుకే అంతరించిపోతున్న జీవుల గురించి ఎప్పుడు మాట వచ్చినా, మనుషులకే చోటు లేదు, ఇక పిట్టలకెక్కడ అనే ప్రశ్న వెంటనే ఎదురవుతుంది. అవతలి వైపు వాళ్లు అడవికి హద్దు గీయండి, మనుషుల్ని బయటికి పంపండి అంటారు. ఈ రెండు వాదనలకూ పునాది ఒక్కటే: జీవులు ఒక చోట, మనుషులు ఇంకో చోట బతుకుతారన్న నమ్మకం. ఆ నమ్మకమే తప్పని నా అభిప్రాయం. రక్షిత ప్రాంతాలు మన భూమిలో ఐదు శాతం దరిదాపుల్లోనే ఉన్నాయి. ముప్పులో ఉన్న జీవుల్లో చాలావాటి చావుబతుకులు తేలేది వాటి బయటే. పొలాల్లో, చెరువు గట్ల మీద, ఊరి చెట్ల మీద.

రాబందుల సంగతే చూడండి. 1980లలో కోట్లలో ఉండేవని అంచనా. 1990లలో మొదలైన పతనంలో మూడు జాతులు పదిహేనేళ్లు తిరిగేసరికి 97 శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోయాయి. వాటిని ఎవరూ వేటాడలేదు, గూళ్లున్న కొండల్ని ఎవరూ తవ్వలేదు. కారణం 2004లో బయటపడింది: పశువులకు నొప్పి తగ్గడానికి వాడే డైక్లోఫెనాక్. ఆ మందు వేసిన పశువు చచ్చిపోతే, దాని మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడి కొద్ది రోజుల్లోనే ప్రాణం పోతుంది. గుంపులు గుంపులుగా ఒకే కళేబరం మీద వాలే పక్షులు కాబట్టి, వంద కళేబరాల్లో ఒక్కదానిలో ఈ మందు ఉన్నా జాతి మొత్తం కూలిపోవడానికి సరిపోయింది. ఎంత పెద్ద అభయారణ్యం ప్రకటించి ఉన్నా వాటిని కాపాడగలిగేది కాదు.

2006లో మన దేశం, నేపాల్, పాకిస్తాన్ పశువైద్యంలో డైక్లోఫెనాక్‌ను ఆపేశాయి. 2010లో బంగ్లాదేశ్ కూడా అదే దారి పట్టింది. రాబందులకు హాని చేయని మరో నొప్పి మందు మెలాక్సికామ్ అప్పటికే అందుబాటులో ఉంది. అయినా మనుషుల కోసం తయారైన డైక్లోఫెనాక్ పెద్ద సీసాలు పశువులకు వాడుతూనే వచ్చారు. వాటి సైజు మీద ఆంక్ష పెట్టడానికి 2015 దాకా పట్టింది. అదే రకం హాని చేసే కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను ఆపడానికి 2023 దాకా ఆగాల్సి వచ్చింది. ఈ ఆలస్యం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది, ఎందుకంటే ఇక్కడ భూమి తగాదా లేదు, ఊరు ఖాళీ చేయించే పని లేదు. రైతుకు ప్రత్యామ్నాయం కూడా ఉంది. పైగా నష్టం పక్షులతో ఆగలేదు. కళేబరాలు కుళ్లి నీళ్లలో కలిశాయి, వీధి కుక్కలు పెరిగాయి. 2000 నుంచి 2005 మధ్య రాబందులు లేకపోవడం వల్ల దేశంలో సుమారు ఐదు లక్షల మంది అదనంగా చనిపోయి ఉంటారని 2024లో వచ్చిన ఒక ఆర్థికశాస్త్ర అధ్యయనం లెక్కగట్టింది. మనుషులా పిట్టలా అని అడిగేవాళ్లు ఈ లెక్క చూడాలి.

ఇక హద్దులు గీసే పద్ధతి ఎలా బెడిసికొడుతుందో మధ్యప్రదేశ్‌లోని కరేరా చెబుతుంది. గడ్డిమైదానాల్లో తిరిగే పెద్ద పక్షి బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1980ల మొదట్లో శివపురి జిల్లాలో అభయారణ్యం ప్రకటించారు. అందులో చాలా భాగం రైతుల సొంత పొలాలే. భూమి అమ్ముకోవడానికి వీల్లేకుండా పోయింది. రక్షణ దొరికేసరికి కృష్ణజింకలు పెరిగి పంటల మీద పడ్డాయి. పిట్ట కనిపిస్తే సంతోషించాల్సిన ఊళ్లు దాన్ని శత్రువుగా చూడటం మొదలుపెట్టాయి. కొన్నేళ్లకే అక్కడ బట్టమేక కనిపించకుండా పోయింది, చివరికి అభయారణ్యాన్నే రద్దు చేశారు. మన ఆంధ్రప్రదేశ్‌లోని రోళ్లపాడులోనూ ఒకప్పుడు ఈ పిట్ట ఉండేది.

ఇప్పుడు దేశంలో స్వేచ్ఛగా తిరుగుతూ మిగిలిన బట్టమేకలు నూటయాభై లోపే, ఎక్కువ భాగం రాజస్థాన్ ఎడారి గడ్డిమైదానాల్లో. ఏడాదికి సాధారణంగా ఒక్క గుడ్డు పెట్టే పక్షికి ఒక్కో చావూ పెద్ద దెబ్బే. బరువైన ఒళ్లు, ఎదురుగా సరిగా కనపడని చూపు. కరెంటు తీగలు దగ్గరికొచ్చేసరికి తప్పుకోలేక తగిలి చస్తుంది. తీగల్ని భూమిలో వేయమని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించింది. 2024లో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీకి అప్పగించింది. సౌర విద్యుత్తు అవసరమే, కాదనను. కానీ గడ్డినేలను రికార్డుల్లో ‘బంజరు’ అని రాసుకున్నంత కాలం ప్లాంటైనా, లైనైనా ముందు అక్కడికే వస్తుంది. కృష్ణజింక, తోడేలు, బట్టమేక బతికేది ఆ బంజరులోనే.

హద్దు లేకుండానే నిలబడ్డ పక్షులూ ఉన్నాయి. అస్సాంలో హర్గిలా కొంగ ఊళ్లలో, జనం పెరటి చెట్ల మీద గూడు కడుతుంది. కింద కుళ్లిన మాంసం ముక్కలు రాలి వాసన కొడుతుంటే జనం విసిగి చెట్లు నరికేసేవారు. 2007 నుంచి జీవశాస్త్రవేత్త పూర్ణిమాదేవి బర్మన్ ఆ చెట్లున్న ఇళ్ల ఆడవాళ్లతో కలిసి పనిచేశారు. పిల్లలు పుట్టే కాలంలో కొంగకు శ్రీమంతం చేశారు, చీరల మీద దాని బొమ్మ నేశారు. 2023లో ఈ కొంగను, ఏ జీవికి ఎంత ముప్పుందో చెప్పే అంతర్జాతీయ రెడ్ లిస్టులో ‘ప్రమాదంలో ఉన్నవి’ అనే వర్గం నుంచి తీసి ముప్పుకు దగ్గరగా ఉన్న వాటిలో చేర్చారు. కర్ణాటకలోని కొక్కరెబెళ్ళూరులో గూడబాతులు వాలే చింతచెట్ల యజమానులకు పండు నష్టానికి అటవీశాఖ పరిహారం ఇస్తోంది. పక్షికి ఇష్టమైన చెట్టు ఎవరిదో, దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారో ముందు గుర్తించారు కాబట్టే ఈ రెండు చోట్లా పని జరిగింది.

క్రూరమృగాల దగ్గర ఇది ఇంత సులువు కాదు. కొంగ వాసన కొడితే ఓర్చుకోవచ్చు, గేదెను సింహం తింటే ఇల్లే కుదేలవుతుంది. గుజరాత్‌లో 2025 లెక్కల ప్రకారం 891 సింహాలుంటే, సగానికి పైగా గిర్ అడవి బయటే తిరుగుతున్నాయి. అక్కడ సింహాలు పడి చావకుండా నేలబావులకు గోడలు కట్టారు. చూడటానికి చిన్న పని, చాలా ప్రాణాలు నిలబెట్టింది. అయితే ఇన్ని సింహాలూ ఒకే ప్రాంతంలో ఉండటం ప్రమాదమని, కొన్నింటిని మధ్యప్రదేశ్‌లోని కునోకు తరలించాలని సుప్రీంకోర్టు 2013లో చెప్పినా అది జరగలేదు. 2018లో వైరస్ సోకి వరసగా సింహాలు చచ్చిపోయినా జరగలేదు.

నేను ప్రభుత్వాలను అడిగేది కొత్త అభయారణ్యాల జాబితా కాదు. పశువుల మందు ఏదైనా మార్కెట్లోకి రాకముందే రాబందుల మీద ప్రభావం పరీక్షించాలి. గడ్డిమైదానాలను బంజరు పద్దులోంచి తీసేయాలి. పులి ఆవును చంపినా, ఏనుగు వరి తొక్కినా పరిహారం మళ్లీ విత్తనాలు వేసే లోపే రైతు ఖాతాలో పడాలి. నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగిన రైతు ఇంకోసారి ఫిర్యాదు చేయడు, చేను చుట్టూ కరెంటు తీగ కడతాడు.