ఆటలకు ఏ తక్కెడ?

హనుమకొండలో సాయంత్రం ఏ చాయ్ హోటల్ ముందు నిలబడినా ఈ లొల్లి చెవిన పడుతుంది. 'క్రికెట్‌ల ఏముంది, దమ్ముంటే కబడ్డీ ఆడి చూపియ్' అని ఒకరంటారు. 'గంటకు 140 కిలోమీటర్ల బంతి ముందు నిలబడి చూడు, తెలుస్తది' అని ఇంకొకరు. మధ్యలో ఎవరో చదరంగం ముచ్చట తీస్తే, 'కూసుండి ఆడేది ఆటెట్లయితది' అని రెండు పక్షాలూ కలిసి ఆయన మీద పడతాయి. చాయ్ చల్లారుతుంది కానీ పంచాయితీ తెగదు.

ఈ పంచాయితీ పెట్టుకోవడానికి మన ప్రాంతం కన్నా తగిన చోటు దేశంలో ఇంకొకటి ఉండదేమో. 2024 డిసెంబర్ జాబితాలో చదరంగం రేటింగ్ 2800 దాటిన అర్జున్ ఇరిగేశి హనుమకొండ పిల్లవాడు. అప్పటికి ప్రపంచ చరిత్రలో ఆ గీత దాటినవాళ్లు 16 మందే. మన దేశం నుంచి విశ్వనాథన్ ఆనంద్ తర్వాత ఈయనే. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో బాక్సింగ్ ప్రపంచ చాంపియన్‌గా నిలిచిన నిఖత్ జరీన్‌ది నిజామాబాద్. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 విభాగంలో కాంస్యం తెచ్చిన జీవాంజి దీప్తిది పర్వతగిరి మండలం కల్లెడ. (ఇది క్రికెట్ టీ20 కాదు. మేధోపరమైన వైకల్యం ఉన్న అథ్లెట్ల విభాగానికి పెట్టిన పేరు.) ఒకరు గంటల తరబడి కుర్చీలో కూర్చుని గెలుస్తారు, ఒకరు గుద్దులు తింటూ గెలుస్తారు, ఒకరి పని నిమిషం లోపే అయిపోతుంది. ఈ ముగ్గురిలో ఎవరి ఆటకు ఎక్కువ నైపుణ్యం కావాలి?

ఇలాంటి ప్రశ్నకు మార్కులు వేసి జవాబు చెప్పాలని 2004లో అమెరికా క్రీడా చానల్ ఈఎస్‌పీఎన్ ప్రయత్నించింది. ఓపిక, బలం, పవర్, వేగం, చురుకుదనం, ఒళ్లు వంగడం, గుండె నిబ్బరం, దెబ్బలకు ఆగడం, కంటికీ చేతికీ కుదురు, ఎత్తులు వేసే తెలివి. ఈ పది గుణాలకు పదేసి మార్కులు పెట్టి, నిపుణుల చేత 60 ఆటలకు వేయించింది. 72 చిల్లర మార్కులతో బాక్సింగ్ మొదటి స్థానంలో నిలిచింది. అన్నిటికన్నా అడుగున చేపలు పట్టడం, దాని పైన బిలియర్డ్స్, షూటింగ్. మన కబడ్డీ, ఖోఖో ఆ జాబితాలోనే లేవు. చదరంగం సరేసరి.

బాక్సింగ్‌కు ఫస్ట్ ర్యాంకు అంటే నిజామాబాద్ వాళ్లకు సంతోషమే. హోలీ నాడు పిడిగుద్దులాట ఆడే హున్సా కూడా ఆ జిల్లా ఊరే మరి. కానీ ఆ లెక్క మాకు ఒప్పలేదు. పది గుణాలు కలిపి కూడితే, అన్నీ కొంచెం కొంచెం కావలసిన ఆటకు ఎక్కువ మార్కులు పడతాయి. ఒకే గుణం విపరీతంగా కావలసిన ఆట అడుగుకు పోతుంది. సకినాలకు పులుపు లేదని, రసం లేదని మార్కులు కోస్తే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది. సకినం చుట్టే వేళ్ల పనికి ఆ పట్టికలో గడి ఏదీ?

షూటింగ్‌నే తీసుకోండి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. గసగసాల గింజ కన్నా చిన్నది. పది మీటర్ల దూరం నుంచి దాన్ని కొట్టాలి, అది కూడా ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. ఊపిరి తీసినా తుపాకీ కదులుతుంది. పారిస్ ఒలింపిక్స్ ఎయిర్ పిస్టల్‌లో మనూ భాకర్ కాంస్యంతో ఆగిపోయినప్పుడు రెండో స్థానానికి తేడా 0.1 పాయింటు. ఈ ఆటకు పరుగు అక్కర్లేదు, కండలు అక్కర్లేదు. అందుకని నైపుణ్యం తక్కువ అని ఎవరైనా అంటే, వాళ్లు ఎన్నడూ గురి పెట్టి చూడలేదని అర్థం.

నైపుణ్యం అనే మాటను మనం దేహదారుఢ్యంతో కలిపేసుకున్నాం. బలం, దమ్ము, వేగం శరీరానికి సంబంధించినవి. వాటిని టేపుతో, స్టాప్‌వాచ్‌తో కొలవవచ్చు. నైపుణ్యం చాలావరకు కళ్లకూ బుర్రకూ మధ్య జరిగే పని. జరగబోయేది ముందే చదవడం.

చాయ్ హోటల్ దగ్గర వినబడిన ఆ 140 కిలోమీటర్ల బంతి సంగతే చూద్దాం. పిచ్ పొడవు 22 గజాలు. బంతి చేయి వదిలాక బ్యాటర్‌ను చేరడానికి పట్టేది అర సెకను. కంటికి కనబడింది బుర్రకు ఎక్కి చేయి కదలడానికే సెకనులో ఐదో వంతు పోతుంది. మిగిలిన దాంట్లో ఫ్రంట్ ఫుట్టా బ్యాక్ ఫుట్టా, ఆడాలా వదలాలా తేల్చుకుని బ్యాట్ తేవాలి. బంతిని చివరిదాకా చూస్తూ ఆడతారని మనం అనుకుంటాం. బ్యాటర్ల కళ్ల కదలికలను రికార్డు చేసిన పరిశోధకులు 2000లో తేల్చింది వేరు. చేయి వదిలిన క్షణం కాసేపు బంతిని చూసి, మంచి బ్యాటర్ కన్ను బంతిని విడిచిపెట్టి, అది పడబోయే చోటికి ముందే దుముకుతుంది. బంతి వచ్చేసరికి కన్ను అక్కడ కాచుకుని ఉంటుంది. ఆట రానివాడి కన్ను ఆలస్యంగా పోతుంది. ఇద్దరి కంటి చూపూ డాక్టరు దగ్గర ఒకటే ఉండవచ్చు.

ఈ చదవడం ఏ ఆటకు ఆ ఆటదే. దానికి మాకు తెలిసిన గట్టి సాక్ష్యం అమెరికాలో దొరుకుతుంది, ఆ మార్కుల జాబితా వచ్చిన 2004లోనే. అక్కడి బేస్‌బాల్ హేమాహేమీలు ఆల్బర్ట్ పుజోల్స్, మైక్ పియాజా ఒక సరదా మ్యాచ్‌లో సాఫ్ట్‌బాల్ పిచర్ జెన్నీ ఫించ్‌ను ఎదుర్కొన్నారు. ఆమె చేతిని కింది నుంచి తిప్పి వేస్తుంది. బంతి బేస్‌బాల్ కన్నా పెద్దది. ఇద్దరినీ అవుట్ చేసి పంపింది. ఆ బ్యాటర్ల కండలు ఎక్కడికీ పోలేదు, కళ్లూ పోలేదు. వేలాది సార్లు చూసి చూసి నేర్చుకున్న భుజం తిప్పు, మణికట్టు మలుపు ఆమె దగ్గర లేవు. చదవడానికి అక్షరాలు మారిపోయాయి. బాస్కెట్‌బాల్ రారాజు మైకేల్ జోర్డాన్ 1994లో బేస్‌బాల్‌కు మారి, కింది స్థాయి లీగ్‌లో ఒక సీజన్ ఆడితే బ్యాటింగ్ సగటు .202 దగ్గర ఆగింది. ఐదుసార్లు ప్రయత్నిస్తే ఒక్కసారి కొట్టినట్టు. అంతటి మనిషి కూడా ఆ ఆట బడిలో కొత్త పిల్లవాడే అయ్యాడు.

చదరంగంలోనూ ఇదే సంగతి. 1973లో అచ్చయిన ఒక ప్రయోగంలో నిజమైన ఆటలోని బోర్డును కొన్ని సెకన్లు చూపించి తీసేస్తే, మేటి ఆటగాడు పదహారు పావుల దాకా సరిగ్గా తిరిగి పేర్చాడు, కొత్తవాడు నాలుగైదు పావులే పెట్టగలిగాడు. అవే పావులను అడ్డదిడ్డంగా చల్లి చూపిస్తే మేటివాడి ఆధిక్యం పోయింది. అంటే అది ఉత్త జ్ఞాపకశక్తి కాదు. బౌలర్ మణికట్టు బ్యాటర్‌కు ఎలా కనబడుతుందో, బోర్డు అర్జున్‌కు అలా కనబడుతుంది. రింగ్‌లో నిఖత్ చేసేదీ దాదాపు అదే. గుద్దు బయలుదేరాక చూసి తప్పుకునే టైమ్ ఉండదు. ఎదుటి మనిషి భుజం, తుంటి, పాదం బరువు మారడంలోనే రాబోయే దెబ్బను చదవాలి. కబడ్డీ రైడర్‌కు ముప్పై సెకన్లు ఇస్తారు. అవతల ఏడుగురు. కూత ఆగకూడదు, మడమ దొరకకూడదు, బోనస్ గీత మీద కన్ను ఉండాలి. మూలన ఉన్నవాడు ఎప్పుడు మడమ మీదకు వస్తాడో వాడి మోకాలు వంగే తీరులో తెలియాలి. ఇన్ని గుణాలు అడిగే ఆటకు పది గడుల పట్టికలో చోటే దొరకలేదు.

'మరి పరుగుకు నైపుణ్యం ఎందుకు, కాళ్లుంటే చాలదా' అనేవాళ్లు 400 మీటర్లు ఒకసారి పరుగెత్తి రావాలి. మనిషి మొత్తం దూరం పూర్తి వేగంతో పరుగెత్తలేడు. మొదటి 200 మీటర్లలో ఎక్కువ ఖర్చు పెడితే చివరి 80 మీటర్లలో కాళ్లు సిమెంటు బస్తాల్లా అవుతాయి. తక్కువ పెడితే తేడా పూడ్చుకోవడానికి ట్రాక్ మిగలదు. బయటి లేన్‌లో ఉంటే ప్రత్యర్థులు వెనక ఉంటారు, కనబడరు. తన ఒంట్లో ఎంత మిగిలిందో తనే చదువుకోవాలి. దీప్తి 2024 మేలో జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లతో తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది. పారిస్ ఫైనల్‌లో 55.82తో మూడో స్థానం. మొదటి స్థానానికీ ఆమెకూ మధ్య 0.66 సెకను. అంత చిన్న తేడాలో కాళ్ల బలం ఎంత, పంచుకోవడంలో లెక్క ఎంత అని విడదీయడం ఎవరి తరం? 2021 సెప్టెంబర్‌లో మన హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ట్రాక్ మీదనే హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లు 4 నిమిషాల 5.39 సెకన్లలో పూర్తిచేసి, 2002 నుంచి చెక్కుచెదరని జాతీయ రికార్డును దించింది. ఆ రోజు స్టేడియంలో ఉన్నవాళ్లను అడగండి, ఉత్త కాళ్ల పని అంటారేమో.

ఆటల లోతు పోల్చాలనే పట్టుదల ఉన్నవాళ్లకు చదరంగం ఒక దారి చూపింది. రేటింగ్‌లో 200 పాయింట్లు ఎక్కువున్నవాడు నాలుగు పాయింట్లలో మూడు తెచ్చుకుంటాడని ఆ లెక్క చెబుతుంది. క్లబ్‌లో ఆడే 1000 రేటింగ్ వాడి నుంచి 2800 దాకా తొమ్మిది మెట్లు. ప్రతి మెట్టు మీదివాడు కింది మెట్టు వాడిని తేలిగ్గానే ఓడిస్తాడు. టీ20 క్రికెట్‌లో అన్ని మెట్లు లేవు. టాస్ పడి, మంచు పడితే చిన్న జట్టు పెద్ద జట్టును కొట్టేస్తుంది, అందుకే అంత మజా. ఇది కూడా పూర్తి కొలత కాదు. ఒక ఆటలో మెట్లు ఎన్నో చెబుతుంది, ఒక్కో మెట్టు ఎక్కడం ఎంత కష్టమో చెప్పదు.

డబ్బు మాత్రం కొలత కానే కాదు. 2024 నవంబర్ ఐపీఎల్ వేలంలో రిషభ్ పంత్ ధర 27 కోట్లు. అంతకు ముందు ఏడాది కబడ్డీ వేలంలో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌కు పెట్టింది 2.6 కోట్లు. పంత్ నైపుణ్యం పది రెట్లు ఎక్కువని ఆ అంకెలకు అర్థం కాదు, టీవీ ముందు కూర్చునేవాళ్లు ఎక్కువని అర్థం. చేతిలోని పనికే పైసలు రాలితే, మోకు ముస్తాదుతో తెల్లారి లేచి పది తాళ్లు ఎక్కి దిగే గీత కార్మికుడికి ఈపాటికి బంగళా ఉండాలి.

ఇంత చెప్పడం చాయ్ హోటల్ పంచాయితీ తెంపడానికి కాదు. అది నడుస్తుండాలి, లేకపోతే చాయ్‌కి రుచి ఉండదు. మా పట్టింపు తొమ్మిదేళ్ల పిల్లల గురించి. హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్ క్రీడా పాఠశాలల్లో 4వ తరగతి ప్రవేశాలకు చాలా ఏళ్లుగా నడుస్తున్న పరీక్షలు చూడండి: 30 మీటర్ల పరుగు, నిలబడి దూకడం, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్లు, ఎత్తు, బరువు. అన్నీ అవసరమైనవే, అన్నీ ఒంటికి సంబంధించినవే. చదివే కన్ను ఎవరికి ఉందో వీటిలో ఒక్కటీ అడగదు. అమెరికా జాబితా చేసిన పొరపాటునే మనం స్టాప్‌వాచ్ పట్టుకుని చేస్తున్నాం. పైగా ఆ వయసులో పది నెలలు ముందు పుట్టిన పిల్ల ఎత్తులో, బలంలో సహజంగానే ముందుంటుంది. ఆ తేడాను ప్రతిభ అనుకుని తీసుకుంటాం, చిన్నదాన్ని బస్సెక్కించి ఇంటికి పంపేస్తాం.

దీప్తి పరుగు దాగేది కాదు, బడి మైదానంలో చూసిన కళ్లకు దొరికింది. టేబుల్ టెన్నిస్‌కో, షూటింగ్‌కో, వికెట్ల వెనకకో పుట్టిన పిల్ల మెడిసిన్ బాల్ దగ్గరే ఆగిపోతుంది. అలా ఎంతమంది ములుగు, భూపాలపల్లి, ఆసిఫాబాద్ బడుల నుంచి వచ్చి వెనక్కి పోయారో లెక్క రాసినవాళ్లు లేరు. ప్రభుత్వం నిఖత్‌కు డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది, దీప్తికి కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించింది. మంచి పని, మేము మెచ్చుకున్నాం. కానీ అదంతా మెడల్ మెడలో పడ్డాక జరిగే సంగతి.

ఎంపికల్లో రెండు మార్పులు కోరుతున్నాం. ఒకటి, పిల్లలను ఒక్క పొద్దులో తేల్చేయకుండా రెండు వారాల ఎడంతో రెండుసార్లు చూడాలి. మొదటిసారి రానిది రెండోసారికి ఎంత నేర్చుకుని వచ్చిందో దానికీ మార్కులు ఉండాలి. రెండోది ఇంకా తేలిక. గోడకు రెండు మీటర్ల దూరంలో నిలబెట్టి, టెన్నిస్ బంతిని కుడిచేత్తో కొట్టి ఎడమచేత్తో, ఎడమచేత్తో కొట్టి కుడిచేత్తో పట్టమనాలి. అర నిమిషంలో ఎన్ని పట్టారో రాసుకోవాలి. కంటికీ చేతికీ కుదురు చూసేందుకు కోచ్‌లు వాడే పాత పరీక్షే ఇది. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, టెండర్ అక్కర్లేదు. కొనాల్సింది ఒక బంతి. గోడ ఎటూ బడికి ఉంది, ఆట పీరియడ్‌ను లెక్కల సారుకు ఇవ్వకుండా ఉంటే పీఈటీ సారు ఈ వారమే మొదలుపెట్టవచ్చు.