సవరణ: స్టాప్ కోడాన్ ఊరికే దారివ్వదు

కృత్రిమ అమైనో ఆమ్లాల (ప్రోటీన్లను కట్టే ఇటుకల్లాంటివి) మీద రాసిన గత పోస్టులో, యూఏజీ అనే స్టాప్ కోడాన్‌ని (ప్రోటీన్ తయారీ ఇక్కడితో ఆపమని చెప్పే మూడక్షరాల జన్యు సంకేతాన్ని) కొత్త అమైనో ఆమ్లానికి కేటాయిస్తే చాలు, కోరిన చోట అది ప్రోటీన్‌లో చేరిపోతుందని ఉంది. అందులో ‘చాలు’ అన్న మాట కొట్టేసి చదవండి.

2001లో రసాయన శాస్త్రవేత్త పీటర్ షుల్ట్జ్ బృందం ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో ఈ పద్ధతి చేసి చూపించింది. అందుకు మెథనోకాకస్ జనాషీ అనే సూక్ష్మజీవి నుంచి, అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే ఒక టీఆర్‌ఎన్‌ఏని, దానికి అమైనో ఆమ్లాన్ని తగిలించే ఎంజైమ్‌ని తెచ్చి మార్చుకున్నారు. అంతవరకు రాసింది సరే. కానీ కణం పాత అలవాటు మానదు కదా! యూఏజీ కనబడగానే ఆర్‌ఎఫ్1 అనే ప్రోటీన్ వచ్చి పని ఆపించేస్తుంది. కొత్త టీఆర్‌ఎన్‌ఏ దానితో పోటీపడి గెలవాలి. ఓడినప్పుడల్లా ప్రోటీన్ అక్కడికే తెగిపోతుంది. ప్రోటీన్లను సైజును బట్టి విడదీసే జెల్ మీద నడిపితే, అసలు ప్రోటీన్ గీత (బ్యాండ్) కింద పొట్టి ప్రోటీన్ బ్యాండ్ ఒకటి కనిపించేది అందుకే.

ఆర్‌ఎఫ్1ని తీసేయొచ్చుగా అంటే, ఈ.కోలైలో 321 చోట్ల జన్యువులు యూఏజీతోనే ముగుస్తాయి. 2013లో ఆ 321 చోట్లా యూఏఏ అనే మరో స్టాప్ కోడాన్ పెట్టి, ఆర్‌ఎఫ్1ని తొలగించారు.

ఇంకోటి: జన్యు సంకేతం ప్రకారం ప్రోటీన్లలో చేరే అమైనో ఆమ్లాలు ‘ప్రకృతిలో 20 మాత్రమే’ అని ఆ పోస్టులో అన్నదీ తప్పే. సెలెనోసిస్టీన్, పైరోలైసిన్ కలిపితే 22.