ఒక్క పెట్టె అడిగితే ఏడు పెట్టెలు

సంక్రాంతి సెలవులకి ఆత్రేయపురం వెళ్లినవాణ్ణి, నోరు మూసుకుని పూతరేకులు తిని రావాల్సింది. పిన్ని ఆర్డర్ల పుస్తకం చూశాక చేతులు ఊరుకోలేదు. "ఈ ఊరి సరుకేనని 2023లో జీఐ గుర్తింపు వచ్చింది పిన్నీ, ఇంకా నోటుపుస్తకమేంటి?" అని రెండు రాత్రులు కూర్చుని చిన్న యాప్ చేసేశాను. పుస్తకంలోని పాత ఆర్డర్లు కూడా ఎక్కించాను. అక్కడే ఉంది తంటా అంతా.

ప్రతి ఆర్డరుకీ ఒక స్టేటస్: పెండింగ్, డెలివర్డ్, క్యాన్సిల్డ్. యాప్‌కి ఒక క్వెరీ, అంటే ఏం కావాలో రాసిన ప్రశ్న, కొడితే మనిషివారీగా గ్రూపు చేసి, పెండింగ్ ఉన్నవాళ్ల జాబితా ఇస్తుంది. దాన్ని ప్రింటు తీసి ప్యాకింగ్ గోడకి అంటించడమే.

మొదటి రోజు నాలుగు పేజీలు వచ్చాయి. "నీ చెయ్యి మంచిదిరా" అని పిన్ని మురిసిపోయింది. పొయ్యిల మీద బోర్లించిన కుండల ముందు కూర్చున్న ఆడవాళ్లు భోజనాలకి కూడా లేవలేదు. పల్చటి పిండినీళ్లలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు లేస్తుంది. ఆ రోజు ఆ లాగుడుకి అంతు లేదు.

సాయంత్రం రావులపాలెం నుంచి ఒక మాస్టారు ఫోను. "అమ్మాయ్, నేను చెప్పింది బెల్లంవి ఒక్క పెట్టె. ఏడొచ్చాయి, అందులో నాలుగు పంచదారవి. నాకు షుగరని తెలుసుగా?"

గుండె గుభేలుమంది. క్వెరీ తెరిచి చూస్తే, ముందు గ్రూపు చేసి తర్వాత ఫిల్టర్ పెట్టాను. గ్రూపులో ఒక్క పెండింగ్ ఉంటే చాలు, గ్రూపంతా బయటికొచ్చేస్తుంది. మాస్టారికి ఎప్పుడో చేరిపోయిన ఆరు ఆర్డర్లూ ఏడోదాని చెయ్యి పట్టుకుని మళ్లీ బయల్దేరాయి. ఉగాదికి ఒక ఆర్డరు క్యాన్సిల్ చేసుకున్నాయనకి అది కూడా వెళ్లింది. ఆయన ఫోను చెయ్యలేదు, తినేసినట్టున్నారు.

టెన్షన్‌లో రాత్రికి రాత్రే మార్చాను: అన్నీ పెండింగ్ అయితేనే ఆ గ్రూపు చూపించు. మర్నాడు ప్రింటు అరపేజీ. ఏళ్ల తరబడి కొనేవాళ్లందరికీ పాత డెలివర్డ్ ఒకటైనా ఉంటుంది కదా, వాళ్లంతా మాయం. కొత్తగా వచ్చినవాళ్లకే పెట్టెలు వెళ్లాయి. పాత ఖాతాదార్లు మధ్యాహ్నానికి గుమ్మంలో ఉన్నారు.

"బియ్యంలో రాళ్లు ఎప్పుడు ఏరతార్రా, రుబ్బకముందా, రుబ్బాకా?" అంది పిన్ని.

ఆవిడకి క్వెరీలు రాసే భాష ఎస్‌క్యూఎల్ రాదు. గ్రూపు కట్టే గ్రూప్ బై కంటే ముందే వేర్ అనే షరతు ఒక్కో వరసనీ చూస్తుందని, హేవింగ్ అనే షరతు మాత్రం గ్రూపు కట్టాక గ్రూపునే చూస్తుందని నేను బీటెక్ పరీక్షలో రాశాను. మార్కులు కూడా వేశారు.

స్టేటస్ షరతుని ముందుకి జరిపాను. ఒక్క లైను పని. ఈసారి పేజీన్నర వచ్చింది. పిన్ని ఒక్కో పేరూ పుస్తకంతో సరిచూసుకుని, అంతా కలిసిందని తేల్చుకుని, పుస్తకాన్నే మేకుకి తగిలించింది.

నేను హైదరాబాదు వచ్చేసిన వారానికి మాస్టారు మళ్లీ ఒక్క పెట్టె చెప్పారట. మొన్నటి ఏడింటికీ పిన్ని ఒక్కదాని డబ్బులే తీసుకుంది మరి.

"ఆ కంప్యూటర్ అబ్బాయి ఊళ్లోనే ఉన్నాడా అమ్మాయ్?"

"వెళ్లిపోయాడండి."

"అయ్యో," అన్నారట.